సిస్టరమ్మ రంగూను గిన్నెలు

సిస్టరమ్మ పోయారన్న కబురు వచ్చేసరికి ఆవిడ గిన్నె మా ఇంట్లోనే ఉంది. పొద్దున ఉడకబెట్టిన తేగలు అందులో సర్ది, పైన పళ్ళెం మూసి, ఆవిడ చర్చి నుంచి రాగానే గోడ మీంచి అందిద్దామని వంటగట్టు మీద పెట్టాను. ఫోను మోగింది. ఆదివారం ఆ వేళప్పుడు మాకు ఫోను చేసేవాళ్ళెవరూ లేరు, అందుకని ఎత్తబుద్ధి కాలేదు. రెండోసారి మోగాక ఎత్తితే ఆవిడ మేనల్లుడు. "అక్కా, మా అత్త పోయింది. పాట పాడతా పాడతా అలా కూకుండిపోయింది. డాక్టరొచ్చేసరికే అయిపోయింది" అన్నాడు. నేను "మరి గిన్నె?" అన్నాను. అతనికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

ఈ నాలుగు ముక్కలు ఆగి ఆగి రాస్తున్నాను. ఏడుపు వల్ల కాదు, భయం వల్ల. నేను పుట్టు పిరికిదాన్ని. బల్లి అరిస్తే భయం, ఆటో మలుపు తిరిగితే భయం, మా ఆయన గట్టిగా తుమ్మితే కూడా భయమే. సిస్టరమ్మ గురించి చెప్పాలంటే ఈ భయాలన్నిట్లోకీ పెద్దదాన్ని మీ ముందు పెట్టాలి. అది దాచిపెట్టి ఆవిడ మంచితనం ఒక్కటే చెబితే అబద్ధం చెప్పినట్టు. ఆ పని ఒకసారి చేశాను, చాలు.

ఆవిడ మిషను ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. అనకాపల్లిలో సగం మంది ఆవిడ చేతుల మీదుగా పుట్టినవాళ్ళే, మిగతా సగం మంది సూదులు వేయించుకున్నవాళ్ళు. అందరికీ ఆవిడ సిస్టరే. మా వీధిలో మాత్రం దానికి అమ్మని చేర్చి సిస్టరమ్మ అనేవాళ్ళం. వాళ్ళిల్లూ మాదీ ఒకే గోడకి అటూ ఇటూ. నేను ఎస్. రాయవరం పక్క పల్లెటూరి నుంచి పెళ్ళయి కొత్తగా వచ్చినప్పుడు, ఆ గోడ మీంచి మొదట కనపడింది తెల్లచీర, దాని మీద వెండిఫ్రేము కళ్ళద్దాలు.

మా పెద్దాడి కానుపు నొప్పులు అనుకున్నదానికన్నా రెండు వారాల ముందే, మిట్టమధ్యాహ్నం మొదలయ్యాయి. మా ఆయన బెల్లం మార్కెట్టులో ఉన్నారు, అత్తగారు ఊళ్ళో లేరు. గోడ పట్టుకుని అరిచాను. సిస్టరమ్మ వచ్చి, ముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని వెచ్చచేసుకుని, అప్పుడు నా పొట్ట మీద చెయ్యి వేశారు. నేను చచ్చిపోతానని ఏడుస్తుంటే, ఎక్కడినుంచో ఉతికిన పాత బ్యాండేజీ గుడ్డ ఇంత కుప్ప తెచ్చి నా ఒళ్ళో పడేశారు.

"సుట్టు" అన్నారు.

"ఏటిది సిస్టరమ్మా, నాను సచ్చిపోతంటే!"

"బయ్యమేత్తే సేతికి పని సెప్పాల. సుట్టు. వదులుగా సుట్టేవంటే విప్పించి మళ్ళీ సుట్టిత్తాను."

నొప్పి వచ్చినప్పుడు ఆపుతూ, తగ్గినప్పుడు చుడుతూ, రిక్షా వచ్చేదాకా చుట్టాను. ఆస్పత్రిలో కూడా చుట్టాను. పిల్లాడు పుట్టాక ఆవిడ ఆ చుట్టలన్నీ లెక్కగా చూసి, ఒకటి విప్పి, "ఇది వదులే" అన్నారు. అప్పటినుంచి ఆవిడకి నేనెంత చేసినా తక్కువే అనిపించేది. తర్వాత జరిగిన తప్పుకి ఆ కృతజ్ఞతే మూలం.

ఇక గిన్నెల సంగతి. ఆవిడ ముందుగదిలో అద్దాల బీరువా ఉండేది. దాన్నిండా గాజుగిన్నెలు. అంచులు కుచ్చెళ్ళు పోసినట్టుండేవి, ఒంటి మీద ద్రాక్షగుత్తులో, పూలో, చేపలో ఉబ్బెత్తుగా ఉండేవి. అసలు విశేషం వాటి రంగు. వాన వెలిశాక పెట్రోలు బంకు ముందు నీళ్ళ మీద రంగులు తేలుతాయే, అచ్చం అలాంటి రంగులు గిన్నె మీద అతికినట్టుండేవి. ఇటు తిప్పితే నెమలిమెడ, అటు తిప్పితే రాగి. మా ప్రాంతం వాళ్ళు ఒకప్పుడు పనులకని రంగూను ఓడెక్కి వెళ్ళేవారు. తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో బట్టల మధ్య ఇలాంటి గిన్నె ఒకటి పెట్టుకొచ్చేవారట. అందుకని మా వైపు వీటిని రంగూను గిన్నెలనే అంటారు. మొదటిది, తేనెరంగుది, గొలుగొండ వైపు నుంచి పురిటికొచ్చిన ఒకావిడ సిస్టరమ్మకి బలవంతంగా ఇచ్చి వెళ్ళిందట. అక్కడినుంచి మొదలైంది ఆవిడ పిచ్చి.

ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాక మేనల్లుడు ఏవో కాగితాలు ప్రింటు తీసి తెచ్చాడు. వీటిని కార్నివాల్ గ్లాసు అంటారట, పైదేశాల్లో జాతరల్లో పందెం గెలిచినవాళ్ళకి ఇచ్చేవారట. సిస్టరమ్మ పకపకా నవ్వారు. "అయితే అక్కడా తీర్తాల్లో రింగులేత్తారన్నమాట! నాను సిన్నప్పుడు రింగులేసి సబ్బుబిళ్ళే గెల్సేను" అన్నారు.

గిన్నె ఉందని తెలిస్తే ఎంత దూరమైనా బస్సెక్కేవారు. కానీ మొదటిసారి ఇస్తానంటే తీసుకునేవారు కాదు. మూడుసార్లు వెళ్ళాలి, మూడుసార్లూ వాళ్ళు ఇస్తామనాలి. "ఒకపాలి ఇత్తానన్నవాళ్ళకి ఆనక మనసు పీకుద్ది. మూడుపాలు అన్నాక పీకదు" అనేవారు. తీసుకున్నచోట అదే సైజు కొత్త స్టీలు గిన్నె ఇచ్చి వచ్చేవారు. ఇంటికొచ్చాక నర్సులు దెబ్బలకి వేసే తెల్ల ప్లాస్టరు ముక్క గిన్నె అడుగున అతికించి, దాని మీద ఆ ఇంటివాళ్ళ పేరు, ఊరు రాసేవారు. గుర్తు కోసమని నేననుకునేదాన్ని.

రాంబిల్లి దగ్గర ఒక మత్స్యకారుల ఇంటికి మూడోసారి వెళ్ళినప్పుడు నన్నూ తీసుకెళ్ళారు. ఆ ఇంటావిడ చూరుకింద నుంచి ఉప్పుపట్టిన గిన్నె ఒకటి తీసింది. "ఇదేటి సిస్టరమ్మా, దీనికోసం ఇన్నిపాలు తిరుగుతన్నావు. మా అత్త ఎండుసేపలేసుకునీది ఇందులో" అంది. సిస్టరమ్మ దాన్ని బయటకి తెచ్చి ఎండలో పట్టుకున్నారు. అప్పటికే ఆవిడ రెండు కళ్ళలోనూ పొరలు. అయినా ఆ ఊదారంగు మెరుపు వాటిని దాటుకుని లోపలికి తగిలినట్టుంది, నోరు తెరిచి అలాగే నిలబడిపోయారు. "ఊదాది నాకు లేదే" అని నాతో మెల్లిగా అన్నారు.

కంటికి ఆపరేషను చేయించుకోమని అందరూ చెప్పేవాళ్ళం. ఎంతమందికో కట్లు కట్టిన మనిషి, తన కంటి దగ్గరకొచ్చేసరికి జంకేవారు. వార్డులో పనిచేసే రోజుల్లో ఒక ముసలాయనకి ఆపరేషను తర్వాత కన్ను పాడైందట. ముందు రంగులు సరిగ్గా తెలియడం లేదన్నాడట, పది రోజుల్లో చూపే పోయిందట. ఆ మాట ఆవిడ మనసులోంచి పోలేదు.

రాంబిల్లి నుంచి వచ్చిన మర్నాడే ఆవిడ మేనకోడలి పెళ్ళికని విశాఖపట్నం వెళ్ళారు. మొక్కలకి నీళ్ళు పొయ్యమని తాళం నాకిచ్చారు. పెరట్లో తొట్టి పక్కన ఆ గిన్నె బోర్లించి ఉంది. చేపల వాసన, ఉప్పు, మీదంతా జిడ్డు. అవును, నాకు అది జిడ్డులాగే కనిపించింది. చూరుకింద ఏళ్ళ తరబడి పొగ తిన్న గిన్నె కదా, కిరసనాయిలు దీపం పక్కన ఉండుంటుంది, ఆ తేలే రంగులన్నీ నూనె మరకలే అనుకున్నాను. బీరువాలో వాటిని రోజూ చూస్తున్నదాన్నే. అయినా బీరువాలోవి రంగులు, పెరట్లోది జిడ్డు! మా అమ్మ నాకు నేర్పిన ఒకే ఒక్క విద్య తోమడం. చింతపండు నానేశాను, ఇటుకపొడి తీశాను, కొబ్బరిపీచు పట్టాను. ఆవిడ వచ్చేసరికి తళతళలాడించాలని, ఇత్తడిబిందెని తోమినట్టు రెండు పూటలు తోమాను. నీళ్ళు బూడిదరంగులో పోతుంటే, ఎంత మురికో అనుకుని సంబరపడ్డాను కూడా.

కడిగి, తుడిచి, తీసుకెళ్ళి బీరువాలో మిగతావాటి పక్కన పెట్టాను. అప్పుడు తెలిసింది. చుట్టూ ఉన్న గిన్నెలన్నీ మెరుస్తున్నాయి. మధ్యలో ఇది, నేరేడుపండు నలిపిన రంగులో, ఉత్తి గాజు. అక్కడే కూర్చుండిపోయాను.

సిస్టరమ్మ వచ్చారు. గిన్నె చేతిలోకి తీసుకుని, ద్రాక్షగుత్తులు వేళ్ళతో తడుముకుంటూ అడిగారు.

"కడిగీసేవేటే? మెరుస్తాందా?"

నేను "ఊఁ" అన్నాను. అంతే. ఆ ఒక్క ఊఁ నన్ను రెండేళ్ళు తిండి తిననివ్వలేదు.

వాళ్ళింటికి ఎవరొచ్చినా నేను గోడ దగ్గరికి వచ్చి చెవి పెట్టేదాన్ని. సిస్టరమ్మ ఆ గిన్నెనే ముందు తీసి చూపించేవారు. చుట్టాలు "బావుందండీ" అనేసి కాఫీ తాగి పోయేవారు. పాతసామాన్లు కొనే సాయిబుగారు వచ్చినరోజు మాత్రం గోడ దగ్గర నిలబడి ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన గిన్నెని వెలుగుకి ఎత్తి, బొటనవేలు గోరుతో ఒకసారి గీరి చూసి, కిటికీలోంచి తిన్నగా నా వంక చూశారు. "ఏం సాయిబుగారూ, ఎలాగుంది?" అని సిస్టరమ్మ అడిగితే, "పాతకాలం సరుకమ్మా, మాటలేముంది" అని కింద పెట్టేశారు. ఆయన ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత బజార్లో ఆయన కనపడితే నేను పక్క సందులోకి తిరిగేదాన్ని.

ఇక మీతో అసలు చెప్పకూడనిది చెబుతున్నాను. ఆఖరికి సిస్టరమ్మ ఆపరేషనుకి ఒప్పుకున్నప్పుడు, అది జరగకూడదని నేను దేవుడికి మొక్కుకున్నాను. నా బిడ్డని భూమ్మీదకి తెచ్చిన మనిషికి చూపు రాకూడదని కోరుకున్నాను. మొక్కి, మొక్కినందుకు భయపడి, మళ్ళీ మొక్కు తీసేసుకుని, మళ్ళీ మొక్కాను. ఆ తేదీ దగ్గరపడుతుంటే నాకే జ్వరం వచ్చింది. ఆవిడే గోడ మీంచి మాత్ర ఇచ్చారు.

ఆపరేషను బాగా జరిగింది. కుడికన్ను ముందు చేశారు. నల్లద్దాలు తీసిన రోజు పొద్దున్నే నన్ను పిలిచి, గిన్నెలు ఒక్కొక్కటే దించి కిటికీ దగ్గర పెట్టమన్నారు. తేనెరంగుది చూసి గట్టిగా నవ్వారు. ఆకుపచ్చది చూసి కళ్ళు తుడుచుకోబోతే, కంటికి చెయ్యి తగలకూడదని నేనే ఆపాను. నేను తోమినదాన్ని మాత్రం చివరిదాకా దించలేదు.

"రాంబిల్లిదేదే?"

దించాను. ఆవిడ దాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు. కిటికీ తలుపు పూర్తిగా తీయించారు. ఎడమకన్ను మూసి చూశారు. నేను అరుస్తారని ఎదురుచూస్తున్నాను. ఆవిడ మొహంలో మాత్రం కోపం రాలేదు, రక్తమే పోయింది.

"ఇదిప్పుడు మెరుస్తాందా?" అన్నారు చాలా నెమ్మదిగా.

నేను ఆకుపచ్చ గిన్నె తీసుకుని కొంగుతో తుడవడం మొదలుపెట్టాను.

"మెరుస్తానే ఉంటాది. కడిగినప్పుడు నువ్వు సూసేవు గదా. నాకే ఊదా మెరుపు కనపడతం లేదు. ఒకో రంగూ పోతాంది కావాల." గిన్నె కింద పెట్టేశారు. "ఆ ముసలాయనకీ ఇలాగే అయ్యింది."

అర్థమైందా మీకు? కొత్తగా వచ్చిన తన కంటికన్నా నా ఊఁనే నమ్మారు ఆవిడ. అప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు. మూడు రోజులు. ఆ మూడు రోజులూ ఆవిడ గోడకున్న క్యాలెండరు ముందు నిలబడి అంకెలు పైకి చదువుకోవడం నాకు గోడవతల నుంచి వినిపించేది. ఎర్ర అంకెలు రెండేసిసార్లు చదివేవారు. పాలగ్లాసు పక్కన పెట్టేసేవారు. బ్యాండేజీ గుడ్డ ముందేసుకుని చుట్టడం మొదలుపెట్టారు. చేతికి పని చెబుతున్నారంటే ఆవిడ ఎంత భయపడుతున్నారో నాకు తెలుసు.

నాలుగో రోజు సంచీ సర్దుకుని, డాక్టరుకి మళ్ళీ చూపించుకోవడానికి బయల్దేరారు. గేటు దగ్గర సంచీ పట్టి పట్టుకున్నాను.

"ఎల్లకండి సిస్టరమ్మా. కన్ను బాగానే ఉంది. గిన్నే బాగులేదు. నానే తోమీసేను."

"ఏటి?"

"సింతపండు, ఇటికిపొడి ఏసి తోమీసేను. రంగంతా పోయింది. రాంబిల్లి నించి తెచ్చిన వారంలోనే."

ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయారు. తర్వాత, "అయితే నా కన్ను బాగున్నాదా?" అన్నారు. బాగుందన్నాను. "ఒట్టు?" అన్నారు. పిల్లాడి మీద ఒట్టేశాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఏడుపో నవ్వో చెప్పలేను, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి. తమాయించుకున్నాక నా వైపు చూశారు.

"గిన్నె తోమినందుకు కాదే. తెలీక తోమేవు. మూడు దినాలు నన్ను గుడ్డిదాన్ని సేసి కూకోబెట్టేవు. అది తెలిసే సేసేవు. ఎల్లు."

వెళ్ళాను. పదిహేను రోజులు గోడవతల నుంచి పిలుపు లేదు. మా పిల్లాడితో మాట్లాడేవారు, నాతో లేదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోదామని మా ఆయనతో పోరుపెట్టుకున్నాను. పదహారో రోజు సాయంత్రం గోడ మీద ఆ బోడి గిన్నె కనిపించింది. నిండా గులాబీపూల పిండివంట, క్రిస్మస్‌కి చేసేది, ఇంకా వేడిగా ఉంది. నేను తీసుకోవాలా వద్దా అని నిలబడితే అవతలినుంచి గొంతు వినిపించింది.

"గిన్నె కాళీగా తిరిగివ్వకూడదు. తెలుసు గదా?"

ఆ గిన్నె మళ్ళీ బీరువా ఎక్కలేదు. అప్పటినుంచి గోడకి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఉడకబెట్టిన వేరుశెనగలు వెళ్తే పనసతొనలు వచ్చేవి, పులిహోర వెళ్తే కేకుముక్కలు. "బీరువాలోవి సూసుకోడానికే. ఇది ఒక్కటే నాకు వాడుకోడానికి దొరికింది" అనేవారు. క్షమించానని ఒక్కసారీ అనలేదు. నేనూ అడగలేదు.

ఏటా డిసెంబరు మొదట్లో ఆవిడ మిగతా గిన్నెలు కడిగేవారు. పెద్ద తప్పేలాలో పాత దుప్పటి పరిచి, గోరువెచ్చని నీళ్ళలో కుంకుడురసం పోసి, చేతి ఉంగరం తీసి పక్కన పెట్టి, ఒక్కొక్కటీ పసిబిడ్డకి స్నానం చేయించినట్టు కడిగేవారు. ప్రతి ఏడూ నావైపు చూసి, "కడుగుతావేటే?" అనేవారు. ప్రతి ఏడూ నేను రెండడుగులు వెనక్కి వేసి, తువ్వాలు మాత్రం పట్టుకునేదాన్ని. పోయిన డిసెంబరులోనూ అంతే.

సమాధి అయిపోయిన వారానికి మేనల్లుడు పిలిచాడు. బీరువా తలుపుకి లోపలివైపు చీటీ అతికించి ఉంది. "ఎవరింటివి వాళ్ళకి" అని ఒక్క ముక్క. గిన్నెల అడుగున ప్లాస్టర్ల మీద రాసిన పేర్లు ఎందుకో అప్పుడు తెలిసింది. గుర్తుకి కాదు, తిరిగి పంపడానికి. మేనల్లుడు ఇప్పుడు బస్సులెక్కి ఊరూరా తిరుగుతున్నాడు. బోడిగిన్నె మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. రోజూ కడిగే గిన్నెకి ప్లాస్టరు ఎలాగూ నిలవదు. రాంబిల్లి ఆవిడని అడిగించాం. "ఉంచుకోమను, మూడుపాలు ఇచ్చీసేను గదా" అందట.

తేనెరంగు గిన్నె, మొట్టమొదటిది, అతను నా చేతిలో పెట్టాడు. గొలుగొండ వాళ్ళు ఎప్పుడో ఊరొదిలి వెళ్ళిపోయారట. అడుగున వాళ్ళ పేరు కొట్టేసి, కింద వణికిన అక్షరాలతో రాసి ఉంది: "గోడవతల పిల్లకి. కడగమను."

నెలరోజులు దాన్ని ముట్టుకోలేదు. దుమ్ము పట్టింది. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వలేదు. నిన్న పొద్దున, గాజులు, ఉంగరం తీసి పక్కన పెట్టి, తప్పేలాలో దుప్పటి పరిచి, కుంకుడురసం పోశాను. రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చచేసుకున్నాను. గిన్నె నీళ్ళలోకి దించి, మెత్తటి గుడ్డతో ఒక్కసారి తుడిచాను.

నీళ్ళంతా రంగులయ్యాయి. నెమలిమెడ, రాగి, ఆకుపచ్చ, అన్నీ నా వేళ్ళ చుట్టూ తేలుతున్నాయి. మళ్ళీ పోయింది, మళ్ళీ పోగొట్టాను అనుకున్నాను. "సిస్టరమ్మా" అని గట్టిగానే అరిచాను. గోడవతల ఎవరూ పలకలేదు.

కళ్ళు మూసుకుని గిన్నె పైకెత్తాను. తెరిచి చూసేసరికి కుంకుడు నురుగు బుడగలు ఒక్కొక్కటే పగిలిపోతున్నాయి. వాటి మీది రంగులు వాటితోనే పోయాయి. గిన్నెవి గిన్నె మీదే ఉన్నాయి.